సంపత్ ఆడని ఆటలు

బీడీల చాట ముందు కూర్చున్న ఆడమనిషిని మధ్యలో లేపడం మెట్‌పల్లిలో ఎవరి తరమూ కాదు. వచ్చినవాళ్ళే ఎదురుగా పీట వేసుకొని కూర్చోవాలి. ఆ శుక్రవారం జమున ఎదుట అట్లా కూర్చున్నవాడు సంపత్. ఆమె మొగుడు రాజంతో కలిసి దుబాయిలో ఒకే హోటల్‌లో పనిచేసి, ఒకే గదిలో పండుకున్నవాడు. సంపత్ సెలవు మీద వచ్చి నెలయింది. రాజం నాలుగు నెలలుగా అక్కడి జైల్లో ఉన్నాడు. వారానికొకసారి, శుక్రవారం నాలుగింటికి, ఫోన్ చేస్తాడు. నాలుగు కావడానికి ఇంకా గంట లేదు.

"గదే చెప్తున్న చెల్లె. విమానం దించుడు ఆట. ఇద్దరే ఆడాలె, ఇద్దరు పైలట్లన్నట్టు. నడుమ అట్టముక్క అడ్డం పెడుతరు. ఒకల పాచికలు ఒకలకు కనవడయి. పాచికలు ఏసినంక మాట్లాడద్దు. ఒక్క మాట మాట్లాడద్దు."

"మాట్లాడకుంట విమానం ఎట్ల దించుతరు?"

"గదే ఆట. అవతలోడు ఏం చేస్తడో మనసుల అనుకొని మనం చెయ్యాలె. మొన్నమొన్న వచ్చింది గా ఆట. టేబుల్ ఖాళీ అయ్యేదాక జనం దానికోసం నిలవడుతుండె."

"అన్నా, నేను అడిగింది గది గాదు."

"ఎరుకనే."

"కాయితం రాసిస్తవా, ఇయ్యవా అని అడిగిన. సోమవారం లోపు ఇయ్యమన్నడు జగిత్యాల వకీలు. రూంల ఉన్న పదకొండు మందిల ఒక్కడన్న రాయాలెనట, పెట్టెల దొరికిన ఆ ప్యాకెట్ రాజంది గాదని. ఒక్కడు రాస్తె సాలట. ఆడి కోర్టుల మళ్ళ అడుగుతరట."

"రాస్తనే. ఎందుకు రాయ? కాని ఏమని రాయాలె? ఎవ్వనిదో నాకు ఎరుక లేనప్పుడు..."

"ఎవ్వనిదో రాయమనలే. ఆయనది గాదని రాయమన్న."

"గది అంత అల్కగ అయ్యేది గాదు చెల్లె. జర ఆలోచన చేసి రాయాలె. ఇంగ్లీషుల రాయాల్నా, తెలుగుల రాయాల్నా..."

"తెలుగుల రాయి. వకీలు మార్పిచ్చుకుంటనన్నడు. కాయితం, పెన్ను గూట్లనే ఉన్నయి. తెచ్చుకో."

"తెచ్చుకుంట. కత్తెర ఇటియ్యి, ఆకు కత్తిరిస్త. ఊకె కూసుంటే చేతులు గుంజుతున్నయి."

"నీకు రాదు."

"ఎందుకు రాదు? మా అవ్వ చాట పక్కన్నే పెరిగిన."

"పెన్ను పట్టుమంటే కత్తెర పడుతనంటవ్. ఎన్నడు పోతున్నవ్ వాపస్?"

"ఐతారం. పొద్దుగాల ఫ్లైటు."

"నెల రోజులాయె వచ్చి. నాలుగుసార్లు కబురు వెడితే ఇయ్యాల వచ్చినవ్."

"చొప్పదండి పోయిన చెల్లె, అక్కోళ్ళింటికి. ఆడికెల్లి మందమర్రి, మా చిన్నాయిన కొడుకు లగ్గం. దినాలు ఎట్ల పోయినయో తెల్వలే. నీ ఇల్లు మరుస్తనా?"

"మరువవు. ఎనక గల్లీలకెల్లి పోతున్నవని మా అత్త చూసింది."

"అత్త ఏది?"

"కార్ఖానకు పోయింది, బీడీలు ఇయ్యనీకి. వాడకట్టుల మొఖం చూపెట్టలేక దూరం తిరిగి పోతున్నది ముసల్ది. ఒకలేమో నీ కొడుకు బంగారం తెచ్చిండట గదా అంటరు. ఒకలేమో మత్తుమందు అంటరు. ఆటసామాన్ల కోసం జైలుల ఏసిర్రు అంటే ఎవ్వరు నమ్ముతలేరు. నాకే నమ్మబుద్ధి అయితలేదు. అసలు గవి ఏం సామాన్లే అన్నా?"

"కట్టెవి, లోహంవి. చిన్నచిన్న ముక్కలు. చింతపిక్క అంత ఉంటయి. ఒక్క ముక్క పోతే డబ్బ మొత్తం పోయినట్టే. గిరాకీలకు ఇయ్యరాదు. పెద్ద డబ్బలయితే ఒక్కోటి మా రెండు నెలల జీతం. అందుకే మేనేజర్ గంత లొల్లి చేసిండు."

"అష్టాచెమ్మ ఆడెటోళ్ళం గవ్వ పోతే చింతపిక్క ఏసుకుంటం."

"ఆడ గట్ల నడవది చెల్లె. ఆ హోటలే ఆటల హోటల్. కాఫీ తాగుతరు, డబ్బ తీసుకుంటరు, రెండు గంటలు, మూడు గంటలు కూసొని ఆడుతరు. గోడ నిండ డబ్బలే. ఆరువందల చిల్లర. పెద్దోళ్ళే ఆడుతరు. గడ్డాలు నెరిసినోళ్ళు గూడ."

"ఈయన గిన్నెలు తోముతుండె. మరి నువ్వు?"

"ముక్కలు లెక్కవెట్టుడు. ఆడినోళ్ళు లేచిపోంగనే నేను పోవాలె. కింద పడ్డయి ఏరి, తుడిచి, సంచులల్ల పోసి, లెక్క సరిచూసి మూత వెట్టాలె. పక్షుల ఆట ఒకటున్నది. అండ్ల గుడ్లే డెబ్బై అయిదు. దినాం నాలుగుసార్లు లెక్కవెట్టిన ఆ గుడ్లు."

"ఆడుతుంటివా నువ్వు గూడ?"

"ఒక్కటి ఆడలే."

"ఒక్కటి గూడనా?"

"ఏడేండ్ల సంది ఒక్కటి గూడ ఆడలే. పనోళ్ళు ఆడద్దు. ఆడుతే గిరాకీల టేబుల్ పోతది. పుస్తకాలు మాత్రం చదివిన. ఎట్ల ఆడాల్నో డబ్బల పుస్తకం ఉంటది గదా, ఫోన్ల ఫోటో తీసుకొని రూంకు పోయి చదువుతుంటి. రాజం పై మంచం మీద పండుకొని ఇంటుండె. 'అన్నా, ఆడకముందే గెలిసినవ్ పో' అని నవ్వుతుండె."

"ఆయన నవ్వు సంగతి నాకు చెప్పకు."

"చెప్ప. ... ఇగో, ఇది చూడు. రాసుకున్న పట్టి. ఇరవై రెండు ఆటలు. అన్ని ఈ నాలుగైదేండ్లల్ల మా హోటల్‌కు వచ్చినయే."

"నాకెందుకన్నా అవి."

"ఒక్కసారి చూడు. ఇది చెట్ల ఆట. బోర్డు చుట్టు సూర్యున్ని తిప్పుతరు. నీ చెట్టు నీడ నా చెట్టు మీద పడితే నాది పెరగది. ఇది కుక్కలను తిప్పుకచ్చే ఆట."

"కుక్కలను తిప్పుడు గూడ ఆటనా?"

"ముద్దుగుంటయి. ఒక్కో జాతిది ఒక్కో బొమ్మ. ఇది సముద్రంల మునుగుడు. ఎంత లోతుకు పోతె అంత సొమ్ము దొరుకుతది, కాని అందరికి కలిపి ఊపిరి ఒక్కటే. ఒకడు ఆశపడి లోపటికి పోయిండనుకో, తక్కినోళ్ళు గూడ పైకి రారు."

"అన్నా."

"ఇదేమో మొన్న దీపావళికి వచ్చింది. చుట్టు నలుగురు కూసోవాలె..."

"అన్నా, మూడున్నర అయితున్నది. కాయితం తెచ్చుకో."

"తెచ్చుకుంట. నాకు పెద్ద కోరికలు లేవు చెల్లె. ఇల్లు గట్టాల్నని లేదు, కారు కొనాల్నని లేదు. నలుగురం కూసొని ఒక్క ఆట పొద్దుమూకిందాక ఆడాల్నని ఉండె. గెలుసుడు గూడ గాదు. లెక్కవెట్టకుంట ముక్కను చేతుల పట్టుకోవాలె. గంతే."

"నీతోని ఆడెటోళ్ళు ఎవ్వరు లేరా?"

"ఎవలున్నరు? ఈడ చెప్తే నవ్వుతరు. నలభై ఏండ్లు వచ్చినయ్, గవ్వలాట ఆడుతవా అంటరు. ఆడ ఆడద్దంటరు. అర్థం చేసుకున్నది ఒక్క రాజమే."

"గందుకే ఆయన కోసం రాయి అంటున్న. ఏమన్న పెద్ద మాట అడిగిన్నా? ఆ ప్యాకెట్ ఆయనది గాదు. ఆయన తియ్యడు. నీకెరుక లేదా?"

"ఎరుకే."

"నువ్వు చూసినవా ఆ ప్యాకెట్?"

"లేదు లేదు. మేమెవ్వరం చూడలే. రాజం ఊరికి పోయే దినం పెట్టె గేటు కాడ పట్టుకున్నరు. మేనేజర్ ఆఫీసుల ఇప్పిర్రు. తలుపేసి ఇప్పిర్రు. మాకు చూపెట్టనే లేదు."

"పద్నాలుగు ముక్కలట. అరబ్బీ కాయితం వచ్చింది గదా, వకీలు చదివి చెప్పిండు. పద్నాలుగు ముక్కలకు నాలుగు నెలలు లోపట ఉన్నడు."

"పద్నాలుగు ఎట్లయితయి? పదిహేడుండాలె. లోహపు బిళ్ళలు మూడు ఇడిసిపెట్టి రాసిర్రు కావచ్చు. వేరే కాయితంల చుట్టి అడుగున ఉండె గదా, చూసుకోలేదేమో. సరిగ్గ లెక్కవెట్టుడు రాదు వాళ్ళకు. పుట్టెడు మంది పోలీసోళ్ళు, ఒక్కనికి లెక్క రాదు."

"అన్నా."

"ఊఁ."

"అడుగున ఉండె అని నీకెవలు చెప్పిర్రు?"

"రూంల అనుకున్నరు."

"ఎవ్వరు చూడలేదంటివి గదా ఇప్పుడే."

"అంటే... మేనేజర్ అన్నడు కావచ్చు. నాకు యాదికి లేదు. టైమెంతయింది? నేను పోవాలె చెల్లె, అవ్వకు మందులు తేవాలె, మెడికల్ బంద్ అయితది."

"కూసో."

"మళ్ళ రేపొస్త."

"కూసో అన్నా. నేను లేస్తె ఆకు ఆరిపోతది. ఆరితే చుట్టరాదు. నన్ను లేపకు. కూసొని చెప్పు."

"ఏం చెప్పాలె?"

"పదిహేడు ముక్కలు ఎవలు లెక్కవెట్టిర్రు? నువ్వు లెక్కవెట్టినవ్."

"నేనే లెక్కవెట్టిన. తిట్టు చెల్లె. ఏమన్న అను."

"మొత్తం చెప్పు ముందు."

"ముక్క తక్కువైన డబ్బను అటక మీద ఏస్తరు. ఏడాది ఆఖరుకు పారేస్తరు, లేకుంటే పనోళ్ళను తీసుకపొమ్మంటరు. అందుకని నాకు కావల్సిన ఆటలల్లకెల్లి ఒక్కొక్క ముక్క తీసిన. డబ్బలు అటక ఎక్కినయ్. ఆఖరుకు అడిగి తెచ్చుకోవాలె, ముక్కలు మళ్ళ అండ్ల కలుపుకోవాలె అనుకున్న. దొంగతనం అని అనుకోలే. ఎవ్వడు ఆడనప్పుడు నేను ఆడుత అనుకున్న."

"మరి ఆయన పెట్టెలకు ఎందుకొచ్చినయ్?"

"రూంల చెకింగ్ మొదలువెట్టిర్రు. నా పెట్టె ఇప్పి చూస్తరని భయమైంది. పోయెటోని పెట్టె ఎవ్వరు చూడరనుకున్న. నీకెరుకే గదా, ఊరికి పోయెటోని పెట్టెల అందరం పెడుతం. ఒకడు జండుబాం, ఒకడు సబ్బులు, ఒకడు బిడ్డకు గౌను. ఇప్పి చూసుడు మర్యాద గాదు. రాజం అసలే చూడడు. ఏముందన్నా అని గూడ అడగలే. బట్టల నడుమ పెట్టుకున్నడు."

"ఎవ్వలింటికి ఇయ్యాల్నో పేరు రాసిస్తరు గదా అందరు."

"రాసిన."

"ఏమని రాసినవ్ అన్నా?"

"రాజం ఇల్లు, మెట్‌పల్లి అని."

"నీ ఇంటి పేరు ఏమాయె?"

"మా ఇంటికి పోతే అవ్వ ఇప్పుతది. ఏందో తెల్వక వాడకట్టు పిల్లలకు పంచుతది. మీ ఇంట్లయితే ఎవ్వరు ముట్టరు, నేను సెలవుకు వచ్చినప్పుడు అడిగి తీసుకుంట అనుకున్న. గంతే చెల్లె. ఆయనను ఇరికియ్యాల్నని గాదు. అవ్వ మీద ఒట్టు."

"ఆ రాత చూసే పోలీసోళ్ళు ఇంకేం అడగలేదట. పేరు నీదే ఉన్నది, ఇల్లు నీదే ఉన్నది, ఇంకేం కావాలె అన్నరట."

"ఔ."

"కాయితం మీద రాస్తె ఆ రాత, ఈ రాత ఒక్కటే అని తేలుతది. గందుకే పెన్ను ముట్టలే నువ్వు."

"ఔ చెల్లె."

"మీ అందరిని వరుసగ నిలవెట్టి అడిగిర్రట గదా, ఇది ఎవ్వనిదని."

"అడిగిర్రు."

"నువ్వేమన్నవ్?"

"రాజం తియ్యడు సార్, అన్న."

"నాది అనలే."

"నోరు రాలే. అందామని ఒక అడుగు ముందుకేసిన గూడ. అడుగేసినంక గా మాటనే వచ్చింది. రాజం తియ్యడు సార్ అని. అప్పుడు రాజం నా దిక్కు చూసిండు. చేతులు జోడిచ్చిండు నాకు. ఆ దినం సంది నిద్ర లేదు నాకు."

"నీ నిద్ర సంగతి నేనేం చేసుకోవాలె? నేను నెల రోజుల సంది నిన్ను అన్నా, అన్నా అని బతిలాడుతున్న. నీ దగ్గర్నే ఉన్నది తాళం. నువ్వేమో నాకు కుక్కలను తిప్పే ఆట చెప్తున్నవ్. తిట్టుమన్నవ్ గదా. తిట్టబుద్ధి గూడ అయితలేదు. అసహ్యమైతున్నది."

"కానియ్యి."

"ఇప్పుడేం చేస్తవ్?"

"నువ్వేం చెయ్యిమంటే అది చేస్త."

"ఇంక పది నిమిషాలైతే ఫోన్ వస్తది. నీ నోటితోని ఆయనకు చెప్పు. నేను చెప్ప. నువ్వే చెప్పు."

"చెప్త."

"వకీలుకు రాసియ్యి."

"రాసిస్త. కాయితం ఇటు పట్టు, ఇప్పుడే రాస్త. ఐతారం పోయినంక నేనే ఠాణాకు పోత, నాదే అని చెప్త."

"చెప్తే నిన్ను లోపటేస్తరు."

"ఏస్తరు. ఎయ్యనియ్యి. అవ్వ ఒక్కతే అయితది. ఆమెను జర..."

"నన్నడుగుతున్నవా గది?"

"లేదు. తప్పయింది. అడగ."

"రాయి. ముందు పేరు రాయి. నీ పేరు."

"రాస్తున్న. ఆగు. ... 'ఆ ప్యాకెట్ నాది. అండ్ల ఉన్న పదిహేడు ముక్కలు నేనే తీసిన. రాజంకు ఏం తెల్వదు.' సాలునా?"

"సాలు. సంతకం పెట్టు."

"పెట్టిన. ఇగో. ... చెల్లె, ఫోన్ మోగుతున్నది."

"స్పీకర్ల పెడుతున్న. ముందు నేను మాట్లాడుత. నీకు ఇచ్చినప్పుడు చెప్పు. హలో. హలో, ఇనవస్తుందా?"

"జమునా, ఇనవస్తుంది. తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా?"

"తిన్న, తిన్న. ముందుగాల ఇది ఇను. అయిదు నిమిషాలే ఇచ్చిర్రు. నిన్న కోర్టుకు తీసుకపోయిర్రు. అయిపోయింది కేసు."

"అయిపోయిందా? ఇడిసిపెడుతున్నరా?"

"కాదు. ప్యాకెట్ నాదే అని సంతకం పెట్టిన."

"ఏంది?"

"నాదే అని ఒప్పుకున్న జమునా. ఒప్పుకుంటే ఏడాదిన్నర. అండ్ల నాలుగు నెలలు పోతయి. ఒప్పుకోకుంటే ఎన్నేండ్లు తిప్పుతరో తెల్వదన్నరు."

"ఒక్క దినం ఆగకపోతివా. ఒక్క దినం."

"ఆగితే ఏమొస్తది? నాలుగు నెలలు ఆగలేదా? ఎవ్వడన్న వచ్చి నాది అంటడేమో అని దినాం చూసిన. ఎవ్వడు రాలే."

"ఇప్పుడొచ్చి అంటే? ఎవడన్న నాదే అని రాసిస్తే?"

"వద్దు. గదే చెప్పనీకి చేసిన. జగిత్యాల వకీలుకు చెప్పు, ఇగ ఏ కాయితం పంపద్దని. ఇప్పుడు ఇంకొకడు నాది అంటే నేను కోర్టుల అబద్ధం చెప్పినట్టయితదట. దానికి వేరే కేసట. ఈడి వకీలు గట్టిగ చెప్పిండు. నువ్వు పంపవు గదా? జమునా, పంపకు."

"పంప."

"ఏడుస్తున్నవా?"

"లేదు."

"మా అవ్వకు ఏడాదిన్నర అని చెప్పకు. ఆర్నెల్లు అని చెప్పు. అప్పటికి ఏదో ఒకటి చెప్పుకుందాం. నాకు ఈడ మంచిగనే ఉన్నది. అన్నం పెడుతరు. గాని పండుకున్నంకనే బుర్ర ఆగది. రూంలోళ్ళను పదకొండు మందిని మనసుల నిలవెడుత. వీడు పెట్టిండా, వాడు పెట్టిండా అనుకుంట. అందరు నాతోని తిన్నోళ్ళే. పిచ్చి లేస్తదనిపిస్తది. సంపతన్న దగ్గరికి వచ్చేవరకు నిమ్మలమైతది. అందరు తలకాయలు కిందికేసుకున్ననాడు ఆయనొక్కడే ముందుకొచ్చి నా తరఫున మాట్లాడిండు. ఒక్కడన్న ఉన్నడు గదా అనుకుంట. ఆ ఒక్కనితోనే దినాలు ఎళ్ళదీస్తున్న."

"ఊఁ."

"ఏందా సప్పుడు? పక్కన ఎవలన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరు. చాట జరుపుతున్న."

"సంపతన్న సెలవు అయిపోవచ్చింది గదా. నీ దగ్గరికి రాకుంట ఉండడు. వచ్చిండా? ఉంటే జర ఫోనియ్యి. ఆయన గొంతు ఒక్కసారి ఇనాలె."

"ఇప్పుడే పోయిండయ్య. నువ్వేం ఫికర్ చెయ్యద్దని చెప్పుమన్నడు."